రోజుకొక అర, వారానికొక సంచి

పాఠకుల ప్రశ్నలకు జవాబులు: ఇల్లు సర్దుకోవడం

ప్రశ్న: అమ్మా, మాది విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలోని పాత పెంకుటిల్లు. మా మామయ్యగారి తాతల కాలం నాటిది. అటక మీద, మంచాల కింద, పడమటింట్లో గోడవారగా ఎక్కడ చూసినా సామాన్లే. నేను బడిలో పాఠాలు చెబుతాను. ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదు దాటుతుంది. ఏటా భోగికి ముందు రెండు రోజులు సెలవు పెట్టి అన్నీ బయటికి తీస్తాను. రెండో రోజు సాయంత్రానికి ఓపిక అయిపోయి, తీసినవన్నీ తీసిన చోటే పెట్టేస్తాను. మా అత్తయ్యగారికి 78 ఏళ్లు. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ‘ఉండనీ అమ్మా, ఎప్పటికైనా పనికొస్తుంది’ అంటారు. ఆవిడ మనసు నొప్పించకుండా ఈ ఇంటిని ఎలా తేలికపరచాలి?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: భోగికి ముందు మీకు చాలకుండా పోతున్నది ఒంట్లో సత్తువ కాదని నేను అనుకుంటున్నాను. ఒక వస్తువు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ దీన్ని ఉంచాలా, ఇచ్చేయాలా, ఇస్తే ఎవరికివ్వాలి, అమ్మితే ఏమొస్తుంది, అత్తయ్యగారు ఏమంటారు అని నాలుగైదు ప్రశ్నలకు మీరు మనసులోనే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అటక మీద మూడు వందల వస్తువులుంటే రెండు రోజుల్లో వెయ్యికి పైగా జవాబులు చెప్పుకోవాలన్నమాట. మొదటి యాభై వస్తువుల దగ్గర ఎవరికైనా తెగింపు ఉంటుంది. ఆ తరువాత ‘ప్రస్తుతానికి ఉండనీ’ అన్న మాట దానంతట అదే నోటికి వస్తుంది. కాబట్టి ఒక పూటలో తీసుకోవలసిన నిర్ణయాలు తగ్గితే తప్ప ఈ పని ముందుకు సాగదు.

బడి నుంచి వచ్చి, కాఫీ తాగి, కాస్త నడుము వాల్చిన తరువాత గడియారం చూసుకొని 15 నిమిషాలు మాత్రమే ఈ పనికి కేటాయించండి. ఆ పూటకు ఒక అర, లేదా ఒక సొరుగు, లేదా ఒక డబ్బా. అంతకు మించి ముట్టుకోవద్దు. ఆ 15 నిమిషాలలో తిరిగి సర్దగలిగినన్ని వస్తువులే కిందికి దించండి. గది నడుమ సామాన్లు కుప్ప పోయకపోతే మరునాడు పని మానేసినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇబ్బంది లేకపోతే ఎల్లుండి మళ్లీ మొదలుపెట్టడానికి మనసు వెనకాడదు.

అటకతో మొదలుపెట్టకండి. అటక మీద ఉండేవన్నీ జ్ఞాపకాలతో ముడిపడిన వస్తువులు. వాటి జోలికి వెళ్లేముందు కాదనుకోవడం కొంత అలవాటు కావాలి. ఆ అలవాటుకు వంటిల్లు మంచి చోటు. మూత లేని ప్లాస్టిక్ డబ్బా మీద, పిడి ఊడిన గరిటె మీద, అడుగు మాడిన నాన్‌స్టిక్ పెనం మీద ఎవరికీ అంత మమకారం ఉండదు.

శ్రీకాకుళంలో మా అమ్మగారింట్లో నేను మొదట ముట్టుకున్నది వంటింటి గట్టు కింద ఉన్న ఒకే ఒక సొరుగు. అందులో తాళాలేవో తెలియని ఏడు తాళంచెవులు, ఎండకు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయిన రబ్బరు బ్యాండ్లు, తెల్లని పొడి కారుతున్న రెండు టార్చి సెల్లులు, తేదీ ఉన్న భాగం కత్తిరించేయడం వల్ల ఎప్పటివో చెప్పలేని మాత్రల పట్టీలు, పాత గ్యాసు పుస్తకం, గుప్పెడు బొత్తాలు కనిపించాయి. వాటన్నిటి అడుగున, గుండుసూదులు పోసి ఉన్న ఒక చిన్న ఇత్తడి గిన్నె దొరికింది. అది మా అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అందరికీ పాలు పట్టిన ఉగ్గుగిన్నె. పోయిందనుకొని అమ్మ చాలా ఏళ్లు బాధపడింది. చింతపండుతో తోమి ఆవిడ చేతిలో పెట్టినప్పుడు, తరువాతి సొరుగు ఎప్పుడు తీస్తావని ఆవిడే అడిగింది. తాళంచెవులను మాత్రం దారానికి గుచ్చి, తేదీ రాసి, గోడకు తగిలించాం. నెల రోజుల్లో రెండింటికి తాళాలు దొరికాయి, మిగిలిన ఐదూ పాత ఇనుములోకి వెళ్లాయి.

రోజూ పక్కన పెట్టినవి వారాంతంలో గడప దాటాలి. ఈ ఒక్క నియమం దగ్గర నేను పట్టుదలగా ఉంటాను. ‘ఇచ్చేవి’ అని కట్టిన మూట గుమ్మం పక్కన పది రోజులు ఉంటే, అందులోంచి ఒక్కొక్కటే తిరిగి ఇంట్లోకి వచ్చేస్తుంది. కనుక ఒక సంచి ఇచ్చేవాటికి, ఒకటి పాత సామాన్ల బండికి, ఒకటి చెత్త బండికి పెట్టుకొని ఆదివారం మధ్యాహ్నానికి మూడూ ఖాళీ చేయండి. సెల్లులు, ట్యూబులైట్లు, పాత మందులు తడిచెత్తలోనూ పొడిచెత్తలోనూ కలపకుండా విడిగా కట్టి, విడిగానే ఇవ్వాలి. పాత ఇన్వర్టరు బ్యాటరీ ఉంటే కొత్తది కొనే దుకాణంలోనే అప్పగించండి. దానిలో సీసమూ ఆమ్లమూ ఉంటాయి, బండివాడికి అమ్మకూడదు.

ఇక అత్తయ్యగారి విషయం. ఆవిడను ‘ఇది పారేద్దామా?’ అని అడిగితే ‘వద్దు’ అనే అంటారు, అనడం సహజం కూడా. ఒకప్పుడు ఒక్క ఇత్తడి బిందె కొనడానికి ఒక పంట డబ్బు కూడబెట్టిన తరం వారిది. పైగా వారు సర్దుకున్న ఇంట్లో వారి ముందే వారి వస్తువులను మనం తూకం వేస్తున్నాం. కాబట్టి ప్రశ్న మార్చండి. రోజుకొక్క వస్తువు మాత్రమే తెచ్చి ఆవిడ పక్కన కూర్చొని, ‘ఇది ఎవరు కొన్నారు అత్తయ్యా? దీన్ని ఎవరికిస్తే బాగా వాడుకుంటారు?’ అని అడగండి. ఆవిడ చెప్పినది ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. ఎవరికివ్వాలో తానే చెప్పిన వస్తువును పెద్దవాళ్లు వదులుకోగలరని, ఎవరూ అడగకుండా పట్టుకుపోతేనే తల్లడిల్లుతారని నేను చాలా ఇళ్లలో చూశాను. ఆవిడ ట్రంకుపెట్టెను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఆవిడ అడిగితే తీయండి, అడగకపోతే అలాగే ఉండనివ్వండి.

ఇత్తడి, కంచు సామాన్ల గురించి ఒక మాట. మన ప్రాంతపు ఇళ్లలో బుడితి పనివాళ్ల చేతి వస్తువులు ఉండే అవకాశం చాలా ఉంది. సారవకోట మండలంలోని ఆ ఊరి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) కూడా ఉంది. వాటిని పాత సామాన్ల ధరకు తూకానికి అమ్మేయకండి. ఏది ఉంచాలన్నది తేల్చుకోవడానికి తేలికైన దారి ఒకటి చెబుతాను: వారానికొకటి చొప్పున దించి, తోమి, వంటింట్లో వాడి చూడండి. వాడకంలోకి వచ్చినది ఉంటుంది. మోయలేక పక్కన పెట్టినది, నిజంగా వండుకునే కూతురికో కోడలికో మేనకోడలికో వెళుతుంది. ఇత్తడి గిన్నెలో పులుసు, చారు, మజ్జిగ వంటి పులుపు పదార్థాలు ఉంచాలంటే లోపల కళాయి (తగరం పూత) తప్పనిసరి. కళాయి పోయిన గిన్నెలో పులుపు పోస్తే లోహం ఆహారంలోకి దిగి కడుపులో తిప్పుతుంది.

పరుపులు, దుప్పట్లు, చాపలు మీ ఇంట్లో ఎక్కువే ఉండి ఉంటాయి, ఎందుకంటే పైడితల్లమ్మ పండగకు విజయనగరంలో చుట్టాలు రాని ఇల్లు ఉండదు. పోయిన ఏడు పండగ ముందురోజు, తొలేళ్ల రాత్రి, మీ ఇంట్లో ఎంతమంది నిద్రచేశారో గుర్తు చేసుకోండి. ఎనిమిది మంది అయితే ఎనిమిది పక్కలు, ఇంకొక రెండు అదనంగా ఉంచి, మిగిలినవి ఇచ్చేయండి. ‘ఎప్పటికైనా’ అన్నదానికి కొలత ఉండదు, తొలేళ్ల రాత్రికి ఉంటుంది. మామయ్యగారి పొందూరు ఖద్దరు పంచెలూ కండువాలూ దాచుకోదలిస్తే గంజి పూర్తిగా పోయేలా ఉతికి, బాగా ఆరబెట్టి, మెత్తని పాత బట్టలో చుట్టి పెట్టండి. గంజి ఉన్న బట్టను పురుగు వెతుక్కుంటూ వస్తుంది.

ఇలా నాలుగైదు నెలలు గడిచాక, సంక్రాంతి వెళ్లి గాలిలో తేమ తగ్గిన రోజులలో అటక ఎక్కండి. అప్పుడు కూడా పూటకు ఒక మూల చాలు. ఒంటరిగా ఎక్కవద్దు, నిచ్చెనను ఒకరు పట్టుకోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పెంకుల కింద తేళ్లు ఉంటాయి కనుక మూటలను ముందు కర్రతో కదిపి చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పెంకులు లేచిపోయి అటక మీది సామాన్లు తడిసిన ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆనాడు తడిసి, ఆరకుండానే మళ్లీ మూటకట్టినవి ఉంటే ఆలోచించకుండా తీసేయండి, వాటి బూజు పక్కవాటికి పడుతుంది. భోగి మంటలో ఎండు కట్టె, పిడకలు వేయండి గాని ప్లాస్టిక్కు, టైర్లు, రంగు వేసిన చెక్క, రెగ్జిన్ వేయకండి. ఆ పొగ మొదట పీల్చేది మంట చుట్టూ నిలబడిన మన పిల్లలే.

ప్రశ్న: మా నాన్నగారు ఉపాధ్యాయులుగా పనిచేసి కాలం చేశారు. ఆయన కొని దాచుకున్న వారపత్రికలు, మాసపత్రికలు రెండు బీరువాల నిండా ఉన్నాయి. కొన్ని నా పుట్టుకకు ముందువి. ఒక పెట్టెనిండా కాగితాలు కూడా ఉన్నాయి. చెదలు కనిపించినప్పటి నుంచి మా ఇంట్లో ‘తూకానికి వేసేయండి’ అంటున్నారు. నాకు చేతులు రావడం లేదు.
– ఒక కుమారుడు, శ్రీకాకుళం

జవాబు: చేతులు రాకపోవడమే మంచిదైంది. మీరున్న ఊళ్లోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరిలో నెలకొల్పిన ఆ గ్రంథాలయం తెలుగు కథ అచ్చయిన పత్రికలను, సంపుటాలను సేకరించి భద్రపరచడానికే పుట్టింది. ఇంకెక్కడా దొరకని సంచిక మీ నాన్నగారి బీరువాలో ఉండవచ్చు. అయితే రెండు బీరువాలనూ బండికెత్తించి వారి గుమ్మంలో దించడం సరికాదు, వారి దగ్గర ఇప్పటికే ఉన్నవి మీ దగ్గరా ఉంటాయి. ముందు జాబితా కావాలి. రోజుకు పది పత్రికలు తీయండి. ఒక్కొక్కదాని పేరు, నెల, సంవత్సరం, అట్ట ఉందా లేదా అన్నవి పుస్తకంలో ఒక వరుసలో రాయండి. 20 నిమిషాల పని. వంద రోజుల్లో వెయ్యి సంచికల జాబితా తయారవుతుంది. దాన్ని వారికి చూపి, వారు కోరినవి ఇచ్చి, మీ నాన్నగారు గీతలు గీసుకున్నవో, అంచుల్లో ఏదైనా రాసుకున్నవో ఒక పది మీరు ఉంచుకోండి. మిగిలినవి తూకానికి వేసినా మీ మనసు కుదుటనే ఉంటుంది.

చెదలు పట్టినవాటిని మంచివాటి పక్కన ఉంచకండి. చెదలు నేలలోంచి, గోడవెంట మట్టిగొట్టాలు కట్టుకుంటూ వస్తాయి, కనుక బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపి, కాళ్ల కింద ఇటుకలు పెట్టి, వారానికొకసారి వెనుక దీపం వేసి చూడండి. తడి తగిలిన కాగితాన్ని మండుటెండలో వేయవద్దు, పెళుసుబారి విరుగుతుంది. నీడలో, గాలి ఆడేచోట పరవాలి.

కాగితాల పెట్టెను ఇంతకంటే నెమ్మదిగా, రోజుకొక కట్ట చొప్పున, చదివే కళ్లజోడు పెట్టుకొని చూడండి. రిజిస్టరైన దస్తావేజులు, వాటి వెనుకటి లింకు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, మీ అమ్మగారికి కుటుంబ పింఛను వస్తుంటే పింఛను ఉత్తర్వు, బీమా బాండ్లు, అసలు మార్కుల పత్రాలు, జనన మరణ ధ్రువపత్రాలు ఒక్కటి కూడా పోకూడదు. పాత దస్తావేజులో ‘విశాఖపట్నం జిల్లా’ అని కనిపిస్తే మనది కాదనుకొని పక్కన పడేయకండి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడినదే 1950 ఆగస్టు 15న. అంతకుముందు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో, 1936కు ముందు ఇందులో చాలా భాగం గంజాం జిల్లాలో ఉండేది. విజయనగరం 1979 జూన్ 1న, పార్వతీపురం మన్యం 2022 ఏప్రిల్ 4న జిల్లాలయ్యాయి. ఒకే పొలం కాగితాల మీద వేర్వేరు కాలాలలో వేర్వేరు జిల్లాల పేర్లు ఉండటానికి కారణం ఇదే.

పాత బ్యాంకు పాసుపుస్తకాలను కూడా ఉంచండి. పదేళ్లు ఎవరూ ముట్టుకోని ఖాతాలోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి చేరుతుంది గాని వారసుల హక్కు పోదు; ఆ బ్యాంకుకు వెళ్లి అడగవచ్చు. ఇలాంటి ఖాతాలను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే వెబ్‌సైటును కూడా ప్రారంభించింది. పెట్టెల్లో, చీర మడతల్లో 2016 నవంబరులో రద్దయిన పాత అయిదువందల, వెయ్యి నోట్లు దొరకడం కూడా మామూలే. వాటికిప్పుడు విలువ లేదు, జ్ఞాపకంగా ఉంచుకోదలిస్తే రెండూ కలిపి పదికి మించకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది.

పారేసే కాగితాల్లో ఆధార్ జిరాక్సులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటే అంకెలు ఉన్న చోట నిలువునా అడ్డంగా చింపి, నీళ్లలో నానబెట్టి పారేయండి. కిరాణా కొట్టులో బెల్లం పొట్లం కట్టిన కాగితం మీద ఒకరి ఆధార్ నకలును నేను స్వయంగా చూశాను.

ప్రశ్న: మాది పలాస దగ్గర ఒక పల్లె. తిత్లీ తుపానుకు ఎగిరిపడిన రేకులు, చిరిగిన టార్పాలిన్లు, పడిన కొబ్బరిచెట్ల మొద్దులు, పాత టైర్లు పెరట్లోనే ఉన్నాయి. వానలు పడితే దోమలతో నిద్ర ఉండదు. ఇంత సామాను కొంచెం కొంచెంగా తీస్తే ఎప్పటికి తెమిలేను?
– ఒక గృహిణి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: 2018 అక్టోబరు 11 తెల్లవారే ఆ రాత్రిని చూసినవారు రేకు ముక్కను కూడా పారేయలేరని నాకు తెలుసు. కానీ పెరట్లో కట్టకుండా వదిలిన రేకే మళ్లీ తుపాను వస్తే గాలికి కత్తిలా ఎగురుతుంది. అందుచేత మీ పెరటి పని ముందు రేకులతో మొదలుకావాలి, సెప్టెంబరు లోపలే అవి వెళ్లిపోవాలి. చిల్లులు లేని టార్పాలిన్ ఒకటి, గట్టి నైలాను తాడు ఒక చుట్ట పొడిగా మడిచి ఇంట్లో ఉంచుకుంటే తుపాను అక్కరకు అవి చాలు.

దోమల విషయంలో మీరనుకున్నంత కాలం పట్టదు. డెంగీని తెచ్చే దోమ నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది అందుకే. వారానికొకసారి నీళ్లు పారబోస్తే ఆ వరుస తెగిపోతుంది. అయితే నీళ్లు పారబోసినంత మాత్రాన సరిపోదు. గుడ్లు తొట్టి గోడకు అతుక్కొని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి, మళ్లీ నీరు తగిలితే పొదుగుతాయి. పీచు పెట్టి లోపలి గోడలు గట్టిగా రుద్దాలి. టైర్లను మాత్రం మొదటి వారంలోనే పంపేయండి; ఎలా తిప్పిపెట్టినా లోపలి వంపులో నీరు నిలుస్తుంది. కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు రోజూ ఒక బుట్టెడు ఏరండి. మొద్దులు ఎప్పుడైనా తీయవచ్చు, వాటికి తొందర లేదు.

ప్రశ్న: రెండు గదుల అద్దె ఇల్లు. మూడు నెలలు కష్టపడి ఖాళీ చేసుకున్నాం. మళ్లీ నిండిపోతోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?
– కొత్త దంపతులు, బొబ్బిలి

జవాబు: పొరపాటు గుమ్మం దగ్గర జరుగుతోంది. ఒక వారం పాటు ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువునూ, తాంబూలంలో ఇచ్చిన స్టీలు డబ్బా మొదలు ఆన్‌లైన్‌లో తెప్పించిన పార్సిలు అట్టపెట్టె వరకు, గోడకు వేలాడే క్యాలెండరు వెనుక రాయండి. ఆ పట్టీని చూస్తే మీ ఇంటికి ఏ దారిన సామాను వస్తోందో తెలుస్తుంది. చాలా ఇళ్లలో అది శుభకార్యాల కానుకలు, తగ్గింపు ధరలకు కొన్న బట్టలు. కానుక వద్దనడం మర్యాద కాదు కాబట్టి తీసుకోండి, ఆ వారమే దాని జాతి వస్తువు ఒకటి పంపించండి: డబ్బా వస్తే డబ్బా, చీర వస్తే చీర. మెత్తబడిన నూలు చీరలు ఏడెనిమిది జమ అయ్యాక బొంత కుట్టించుకోండి. బొంతలు కుట్టేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పసిపిల్లలకు దానికి మించిన పక్క లేదు. కుట్టుపనికి చీరలు ఇచ్చే ముందు అంచుల జరీ మాత్రం విప్పించండి, ఒంటికి గీరుకుంటుంది.